ఇదే మద్రాసులో అయితే

ఆయన పోయాడని దస్తగిరి వచ్చి చెప్పినప్పుడు నాకు ఏడుపు రాలేదు. అయ్యో అని కూడా అనలేదు. నా నోటికి వచ్చిన మాట "కట్టెలకు ఎంత అయిందంట?" అని. అన్నాక నా మీద నాకే రోత పుట్టింది. పోయిన మనిషి గురించి అడగాల్సిన మాటేనా అది? కానీ ఆయన గురించి ఇంకేం అడగాలి? బతికున్నన్నాళ్ళూ ఎవరు ఎదురైనా ఆయన అడిగింది అదొక్కటే.

దస్తగిరి నవ్వలేదు. "ఊరోళ్ళమే తలా ఇన్ని కంపకట్టెలు ఏసినాం టీచరమ్మా. ఆ యప్ప పెండ్లానికీ కూతురికీ చెప్పినా. మీకూ ఒక మాట చెప్పిపోదామని వచ్చినా" అన్నాడు. దస్తగిరి జమ్మలమడుగు దోవలో ఉన్న ఒక పల్లెలో రైతు. ఆయన చివరిదాకా బాడుగకున్న మట్టిమిద్దె ఇతనిదే. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ పూటంతా ఏ పనీ చెయ్యలేక, ఆ మనిషిని తలుచుకుని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆయన పేరు చెప్పను. ప్రొద్దుటూరులో మా వీధివాళ్ళు కూడా పేరుతో పిలిచింది లేదు, మద్రాసాయన అనేవాళ్ళు. పుట్టింది జమ్మలమడుగు పక్కనే. మీసాలు రాకముందే మద్రాసుకు పోయి, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పుడు ఆఫీసుతో పాటు కర్నూలుకు రమ్మన్నారట. వెళ్ళి చూశాడు. కచేరీలన్నీ గుడారాల్లో ఉన్నాయి. కోళ్ళగూడంత గదికి మద్రాసు బాడుగ అడుగుతున్నారు. వెంటనే పింఛనుకు కాగితం పెట్టేసి, భార్యనూ కూతురినీ వెంటేసుకుని ప్రొద్దుటూరుకు వచ్చి, మా వీధి చివర రెండు గదులు తీసుకున్నాడు. నేనప్పుడు ఆడపిల్లల హైస్కూల్లో టీచరుని. ఇంట్లో నేనూ మా అమ్మా ఉండేవాళ్ళం.

వచ్చిన రోజే మా అమ్మతో అన్నాడు, "ఈ రెండు గదులు ఇదే మద్రాసులో అయితే నాలుగింతలండీ" అని. పోనీలే, కొత్తగా వచ్చాడు, సంతోషపడుతున్నాడు అనుకున్నాం. ఏడాది గడిచినా ఆ సంతోషం తగ్గలేదు. వీధిలో సంచితో ఎవరు కనబడినా ఆపేవాడు. అడగకుండానే సంచి నోరు తెరిచి లోపల చెయ్యి పెట్టేవాడు. వంకాయ ఒకటి తీసి, అరచేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని బరువు చూసేవాడు. "ఎంతకిచ్చినాడు?" అని అడిగి, జవాబు వినకముందే "ఇదే మద్రాసులో అయితే..." అని మొదలుపెట్టేవాడు. ఆయన మాత్రం అంగడికి మిట్టమధ్యాహ్నం దాటాక వెళ్ళేవాడు, ఎండకు తట్టుకోలేక అమ్మేవాళ్ళు మిగిలిన కూరగాయలు ఎంతకో అంతకు ఇచ్చేసి ఇంటికి పోయే వేళకు.

ఆయన వాకిట్లోనే వేపచెట్టు ఉంది. అయినా ఒక పుల్లతో పళ్ళు తోముకుని, నమిలిన కొసను కత్తితో కోసేసి, మిగిలిన ముక్కను మళ్ళీ రేపటికని గోడసందులో దోపేవాడు. ఇదేం పాడు అలవాటు అని మా అమ్మ అడిగితే, మద్రాసులో వేపపుల్లలు కూడా కొనాలి తెలుసునా అన్నాడు. ఒకసారి మా అమ్మ గానుగ నుంచి చెనక్కాయ నూనె తెచ్చుకుంటే, అరుగు మీద పెట్టిన డబ్బాలో వేలు ముంచి నాకాడు. "అసలైన సరుకు" అని మెచ్చుకుని, వేలికి మిగిలిన జిడ్డును తలకు రాసుకుని వెళ్ళాడు. ఆ డబ్బా నూనె మేం వంటకు వాడలేదు. మద్రాసులో ఉండగా కాఫీ లేనిదే పొద్దు గడవదట ఆయనకు. ఇక్కడ తన ఇంట్లో కాఫీ మానిపించి, తాను మాత్రం వీధిలో ఏ ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయో వాసన పట్టి వచ్చేవాడు. పక్కింటి ముసలమ్మ పోయి ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే, ఈయన వచ్చి పాడెకు తెచ్చిన వెదుళ్ళను వేలితో తట్టి చూసి ధర అడిగాడు. అదీ ఆయన.

అణాలు పోయి నయా పైసలు వచ్చినప్పుడు ఆయన అవస్థ చూడాలి. మద్రాసు ధరలన్నీ అణాల్లోనే ఆయన తలలో ఉండిపోయాయి. ఇప్పుడు ప్రతిదీ పైసల్లోకి మార్చాలి, మార్చి పోల్చాలి. వీధిలో నిలబడి పెదవులు కదుపుతూ ఉండేవాడు. చూసినవాళ్ళు జపం చేసుకుంటున్నాడేమో అనుకునేవాళ్ళు. పులివెందులలో చింతపండు చవక అని ఎవరో చెబితే, చెనక్కాయల లారీ మీద ఊరికే ఎక్కించుకుంటారని నమ్మి, అక్కడిదాకా పోయి, తిరిగొచ్చేటప్పుడు లారీ దొరక్క బస్సుకు పెట్టి వచ్చాడు. తెచ్చిన చింతపండు దోసెడు. ఒళ్ళంతా దుమ్ము. ఆ బస్సు చార్జీ సంగతి మాత్రం ఎత్తలేదు. ఆయన లెక్కలో తనకు నచ్చనిది ఏదీ ఉండదు. ఈ సంగతి నాకు అప్పుడు నవ్వులాటగానే ఉండింది.

మా అమ్మ నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు మొహం మీదే అడిగేసింది.

"మద్రాసు కంటే ఈడ ఇంత మిగుల్తాంది, అంత మిగుల్తాంది అంటావు. యాడ పెడ్తాండావప్పా అదంతా? ఆ యమ్మ ఒంటి మీద కోక చూసినావా?"

"కోకెందుకండీ?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి. "మద్రాసులో అయితే నలుగురిలో తిరగాల. ఈడ చూసేవాళ్ళెవరు?"

ఆయన భార్య మాట్లాడేది తక్కువ. ఆమె మద్రాసు గురించి నాతో ఒక్కసారే చెప్పింది. అక్కడ పెరట్లో కొళాయి ఉండేదట. నీళ్ళు వచ్చే వేళకు నాలుగు కాపురాల ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడి, కష్టం సుఖం చెప్పుకునేవాళ్ళట. "నీళ్ళ కోసం కాదు టీచరమ్మా, ఆ మాటల కోసమే పోతాంటి" అంది. ఈ సుఖానికి ఆయన లెక్కలో ధర లేదు కాబట్టి అది పోయినట్టు కూడా ఆయనకు తెలియదు.

కూతురు వసంత నా దగ్గరే చదువుకునేది. ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో వచ్చి చేరింది, చూస్తుండగానే ఎస్సెస్సెల్సీ దాకా వచ్చింది. నెమ్మదైన పిల్ల, పట్టుదల గల పిల్ల. ఎస్సెస్సెల్సీ పాసైతే టీచరు ట్రైనింగుకు పోవాలని దాని కోరిక. ట్రైనింగు అయితే జీతం వస్తుంది. జీతం వస్తే అమ్మను తన దగ్గర పెట్టుకుంటానని నాతో రహస్యంగా చెప్పింది. ఆ తల్లీకూతుళ్ళకు ఆ పరీక్ష ఒక్కటే దారి. అది నాకు తెలుసు, వాళ్ళకు తెలుసు.

సరిగ్గా ఆ ఏడాదే, బడికి వేసవి సెలవులిచ్చాక, ఆయన మా అరుగు మీద కూర్చుని ప్రొద్దుటూరు కూడా ఖరీదైపోయిందని ప్రకటించాడు. జమ్మలమడుగు దోవలో ఒక పల్లెలో ఇల్లు చూశాడట. బాడుగ సగానికి సగం తక్కువ. కట్టెలు చేలల్లో ఊరికే దొరుకుతాయి. కూరగాయలు మడి దగ్గరే. పాలు నీళ్ళు కలపనివి. ఒక్కొక్కటీ వేళ్ళు ముడుస్తూ చెప్పాడు.

"మరి వసంత బడికి యట్ల వస్తాదప్పా?" అంది మా అమ్మ.

"బస్సుంది కదా."

"బస్సోడు ఊరికే ఎక్కించుకుంటాడా?"

ఆయన ముడిచిన వేళ్ళు తెరుచుకున్నాయి. చార్జీ సంగతి ఆలోచించలేదన్నమాట. ఒక్క క్షణం పెదవులు కదిపాడు. తర్వాత, ఎంతలే అని లేచిపోయాడు. ఆ వారమే సామాను బండికెత్తించి పల్లెకు మారిపోయాడు.

ఆ ఇంటి బాడుగ ఎందుకంత తక్కువో ఆయన అడగలేదు. ఇంటాయన దస్తగిరి తానుగానే చెప్పాడు. మా వైపు మిద్దెల పైకప్పు మట్టిది. ఏటా వానలకు ముందు దాని మీద చౌడు పరవాలి. చౌడంటే ఏటి పక్క చవిటి నేలల్లో దొరికే తెల్లటి ఉప్పుమట్టి. వానపడితే అది గట్టిగా అతుక్కుపోయి చుక్క నీరు దిగనివ్వదు. ఆ ఇంటికి చౌడు వేయించుకోవడం బాడుగకున్నవాళ్ళ పని. అందుకని బాడుగ తగ్గించాడు.

"బాడుగా నేనే ఇచ్చి, మట్టీ నేనే ఎయ్యాలా? ఇదే మద్రాసులో అయితే ఇంటాయన సున్నం కొట్టించి మరీ ఇస్తాడు" అన్నాడట మద్రాసాయన. చౌడు ఏటి దగ్గర నుంచి బండి మీద తేవాలి. బండికి కూలి, పరిచేవాళ్ళకు కూలి. ఇంటి వెనకే చేను ఉంది. అందులో నల్లరేగడి మట్టి కావలసినంత ఉంది. మట్టి మట్టే కదా అనుకున్నాడు. భార్యతోనూ వసంతతోనూ ఆ రేగడి మోయించి మిద్దె నిండా పరిపించాడు.

"రేగడి ఎయ్యొద్దయ్యా. ఎండకు నెర్రెలిస్తాది. వానకు ఊరి బరువెక్కుతాది. మిద్దె దిగబడ్తాది" అని దస్తగిరి మొత్తుకున్నాడు. మా వైపు పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలిసిన సంగతి ఇది. అయినా ఆయన నవ్వి, ఊరికే వచ్చిన మట్టిని చూసి నీకు కడుపుమంట అన్నాడట. ఇంత తెలివి తక్కువ పని మద్రాసులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాడే చెయ్యగలడు.

బడి తెరిచాక వసంత కొన్నాళ్ళు బస్సులో వచ్చింది. తర్వాత పెద్దవానలు పట్టుకున్నాయి. దస్తగిరి చెప్పినట్టే అయింది. నెర్రెల్లోకి నీరు దిగి, ఇంట్లో చెంబులు, తపేలాలు పెట్టినా చాలక, కడప బండల నేల మీద నల్లని బురద పారిందట. దూలం ఒకటి వంగింది. దస్తగిరి ఇంక ఊరుకోలేదు. ఆ రేగడి మొత్తం తోడేసి చౌడు వెయ్యి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు. తడిసిన రేగడి తోడడమంటే మగవాళ్ళకే నడుములు పడిపోయే పని. కూలివాళ్ళు ఎక్కువ అడిగారు. ఆయన వసంతను కొద్ది రోజులు బడి మానమన్నాడు.

ఆ కొద్ది రోజులు ఎంతకూ అయిపోలేదు. పరీక్ష ఫీజు కట్టే గడువు దగ్గరకొచ్చింది. పిల్ల జాడ లేదు. ఒక ఆదివారం నేనే జమ్మలమడుగు బస్సెక్కి, దోవలో దిగి, ఆ పల్లెకు నడిచి వెళ్ళాను.

వసంత మిద్దె మీద ఉంది. చీర మోకాళ్ళ దాకా దోపుకుని, వాళ్ళ అమ్మ నిచ్చెన మీద నుంచి అందిస్తున్న గంపలు అందుకుని చౌడు పరుస్తోంది. మొహం, వెంట్రుకలు, కనురెప్పలు అన్నీ తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకుంది. అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. ఆయన కింద, నీడలో, మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది:

"రాండి రాండి టీచరమ్మా. ఈడికి బస్సుకు ఎంత తీసుకున్యాడు?"

నేను చెప్పలేదు. "వసంత బడికి వచ్చి శానా రోజులైంది. ఫీజు గడువు అయిపోతాంది. ఎప్పుడు పంపిస్తారు?" అన్నాను.

ఆయన మంచం మీద పక్కకు జరిగి, నాకేదో మంచి కబురు చెప్పేవాడిలా ముందుకు వంగాడు.

"నిజం చెప్తాండా వినండి. పంపించాలనే అనుకున్యా. బాడుగ, బస్సు చార్జీ కలిపి చూస్తే పొద్దుటూరులో ఉన్నదానికంటే ఎక్కువే అవుతాంటి. నాకు నిద్ర పట్టలేదు. ఇంతలో మిద్దె పని పడె. ఇది బడికి పోకుండా ఉన్న ఈ దినాల్లో చూసుకుంటే, ఎంత మిగిలిందనుకున్యారు? చార్జీ ఒక్కటి తీసేస్తే చాలు టీచరమ్మా, లెక్క సరిపోతాది."

ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. పల్లెకు రావడం పొరపాటని ఒప్పుకోవాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. ఇప్పుడు ఆ భయం లేదు. కూతురి చదువును కొట్టేస్తే తన మాట నిలబడుతుంది. అంతవరకు ఆయనను చూసి విసుక్కున్నాను, నవ్వుకున్నాను. అసహ్యం అంటే ఏమిటో ఆ మంచం పక్కన నిలబడినప్పుడే తెలిసింది.

కోపం చూపిస్తే పిల్ల పని చెడుతుందని గొంతు తగ్గించుకున్నాను. "వసంతను మా ఇంట్లో పెట్టుకుంటా. తిండి మాతోనే. పరీక్ష ఫీజు నేను కడ్తా. మీకు ఏ ఖర్చూ లేదు" అన్నాను.

పెదవులు కదిపాడు. ఎక్కడో అడ్డం తగిలింది.

"అది బాగానే ఉంది. నీళ్ళెవరు తెస్తారు? ఈ ఊరి బాయి నీళ్ళు ఉప్పు. ఏట్లో చెలమ తోడి తేవాల. ఇప్పుడైతే ఇది తెస్తాంది. ఇది పోతే మనిషిని పెట్టుకోవాల్సొస్తాది కదా."

"ఆ మనిషికి ఇచ్చేది కూడా నేనే ఇస్తా."

ఇక అడగడానికి ఏముంటుంది అనుకున్నాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆలోచించి, గొంతు తగ్గించి, భార్య వినకూడదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని అన్నాడు.

"అయితే ఆ దుడ్లేవో నా చేతికే ఇయ్యండి. నీళ్ళు వాళ్ళమ్మ తెస్తాదిలే."

ఆమె విన్నది. నిచ్చెన మొదట్లో తల మీద గంపతో నిలబడి ఉంది. ఆమె ముక్కుపుటాలు అదరడం నేను చూశాను. గంపను తల మీద నుంచి దించి, విసిరెయ్యకుండా, పద్ధతిగా నేల మీద పెట్టింది. చేతులు దులుపుకుంది.

"వసంతా, దిగు" అంది.

లోపలికి వెళ్ళి రెండు చీరలు, పిల్ల పుస్తకాలు మూట కట్టుకుని వచ్చింది. వసంత దిగి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఆయనకు ఏం జరుగుతోందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మేం ముగ్గురం వాకిలి దాటాక లేచి నిలబడి అరిచాడు.

"ఇంకా సగం మిద్దె ఉంది కదే! ఆ సగం ఎవరేస్తారు?"

భార్య పోతోంది, కూతురు పోతోంది, ఆయనకు మిగిలిన సగం మిద్దె కనబడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడినంతసేపూ వసంత చేతిని తన కొంగుతో తుడుస్తూనే ఉంది.

మా అమ్మ మా వెనక గది ఖాళీ చేసి ఇచ్చింది. వసంత వాళ్ళమ్మ వీధిలో ఇళ్ళకు అప్పడాలు ఒత్తి ఇచ్చేది, మినప్పప్పు రుబ్బి పెట్టేది. మా అమ్మతో మాట్లాడడం మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడేది. అంత మాటకారి అని మాకెవరికీ తెలియదు. వసంత పగిలిన చేతులకు వెన్న రాసుకుంటూ చదువుకుంది. మార్చిలో పరీక్ష రాసింది.

ఈ నెలల్లో ఆయన ఒక్కసారి కూడా రాలేదు. సంతకు వచ్చినప్పుడల్లా దస్తగిరి కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని, తలకు చుట్టిన గుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకుని, చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాడు.

"ఊర్లో కనబడినోళ్ళందరితో చెప్తాండాడు టీచరమ్మా. ముగ్గురికయ్యేది ఒకనికైతాంది, ఇప్పుడు నా ఖర్చు మూడో వంతుకు వచ్చింది, ఇదే మద్రాసులో అయితే ఒక మనిషి ఇంతలో బతకగలడా అని. ఆ యప్ప సంతోషం చూస్తే నాకే సిగ్గేసింది."

లోపల అప్పడాల పీట చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. వసంత పాసైంది. మా అమ్మ వీధి మొత్తానికి చక్కెర పంచింది. ఆ సాయంత్రమే ఆయన గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎంతైనా తండ్రి కదా, కబురు విని వచ్చాడనుకున్నాను. ఆ క్షణం నా మనసు కొంచెం మెత్తబడినట్టయింది కూడా. మా అమ్మ ఆయన చేతిలో చక్కెర పెడితే నోట్లో వేసుకుని, అరచెయ్యి నాకి, ఆకాశం వైపు చూశాడు. ఎందుకు పంచుతున్నారని అడగలేదు.

"వానలొచ్చేట్టుండాయి. మిద్దెకు మళ్ళీ చౌడు పరవాల. కూలోళ్ళు శానా అడుగుతాండారు. వసంతను ఒక నాలుగు దినాలు పంపిస్తే పనైపోతాది" అన్నాడు.

నేను బయటికి పొమ్మనబోతుంటే వసంత గడప దగ్గరకు వచ్చింది. ఇన్నాళ్ళూ తండ్రి మాట ఎత్తితే చాలు, ఆ పిల్ల తల దించుకునేది. ఇప్పుడు దించుకోలేదు.

"కూలి ఎంతిస్తావు నాయనా?" అంది.

ఎవరికైనా ఆ మాట చెంపదెబ్బలా తగలాలి. ఆయనకు తగలలేదు. కూతుర్ని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, పెదవులు కదిపి, బేరానికి దిగాడు.

"మొగోళ్ళ కూలి అడగొద్దు. ఆడకూలి ఇస్తా. బస్సు చార్జీ మాత్రం నువ్వే పెట్టుకోవాల."

"నాకు గిట్టదు. వేరే కూలోళ్ళను చూసుకో" అని వసంత లోపలికి వెళ్ళిపోయింది.